దేవుడు లేడనే మాస్టారికి మన సమాధుల తోటలో ఏం పని?



నెల రోజులుగా ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే వేళకు ఒకటే ప్రశ్న మా చెవిన పడుతోంది. "అయ్యగారూ, ఆ మాస్టారికి దేవుడంటేనే నమ్మకం లేదంట గదా. మన సమాధుల తోటలో ఆయనకేం పని?" అడిగినవారిలో పెద్దలున్నారు, యవ్వనస్థులున్నారు. ఒక అమ్మయితే, ఆయన పుస్తకంలో ఏదో రాసుకుపోతున్నాడు, రేపు స్థలం మీద కేసు వేస్తాడేమో చూసుకోండి అని కూడా హెచ్చరించింది.

గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మాకు చేతకాలేదు. అందుకే ఈసారి రాస్తున్నాము. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

ఆ మాస్టారు హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరైన మనిషి. మొదటిసారి వచ్చిన రోజే మాతో అన్నారు: "పాస్టరుగారూ, ముందే చెబుతున్నాను, నేను దేవుణ్ణి నమ్మను. అబద్ధమాడి లోపలికి రావడం నాకిష్టం లేదు. మీ పాత సమాధులు చూసి, వాటి మీద ఉన్నది రాసుకుంటాను. అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను." మేము రమ్మన్నాము. గేటుకు తాళం లేదు. ఒకప్పుడు ఉండేది గాని, తాళంచెవి ఎవరింట్లో ఉందో ముగ్గురు పెద్దలు మూడు రకాలుగా చెబుతారు.

అప్పటినుంచి గురువారం గురువారం పొద్దున్నే వస్తున్నారు. ఎండ ఏటవాలుగా పడే వేళకే రావాలట, అప్పుడే అరిగిపోయిన అక్షరం నీడతో బయటపడుతుందట. నీళ్ళ సీసా, మెత్తని బ్రష్షు, చేతిపుస్తకం. రాతిని గీకడు, సున్నం పూయడు, నాచును తడిగుడ్డతో మెల్లగా తుడుస్తాడు. మేము దగ్గరుండి చూశాము. మన పిల్లలు సెలవుల్లో అక్కడ క్రికెట్ ఆడి వికెట్టుకు బదులు శిలువను వాడుకోవడం కూడా చూశాము. ఎవరు గౌరవంగా నడుచుకున్నారో మీరే ఆలోచించండి.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు ముఖ్యమైందో మీకు తెలుసు. పాత మందిరాన్ని పడగొట్టి స్లాబు మందిరం కట్టాలని, సమాధుల తోటలో పాత వైపు చదును చేసి కమ్యూనిటీ హాలుకు స్థలం తీయాలని కమిటీలో మాట వచ్చింది. ఆ మాటకు మొదట తల ఊపినవారిలో మేమూ ఉన్నాము. దాచుకోవడం ఎందుకు?

మన పలనాడు సంగతే ముందు చూద్దాం. చనిపోయినవారికి రాయి నిలబెట్టడం మనకు దొరలు నేర్పిన పని కాదు. మాచర్ల దాటి వెళ్తే నాగార్జునకొండ. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల విజయపురి అక్కడే ఉండేది. అక్కడి తవ్వకాలలో స్తూపాలు, విహారాలతో పాటు ఛాయాస్తంభాలు దొరికాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభాలవి. రాజులకే కాదు, యుద్ధంలో పడిపోయిన సైనికులకు కూడా నిలిపారు. మన పొలాల్లో పలుగుకు తగిలే సున్నపురాయి జాతిదే ఆ రాయి కూడా.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ లోయ అంతా మునిగిపోతుందని తెలిసి, దానికి ముందు నుంచే పురావస్తు శాఖవారు ఏళ్ళ తరబడి తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి విప్పి, కొండ మీదికి కొన్ని, అనుపు దగ్గరికి కొన్ని తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఆ రాళ్ళు మోసిన కూలీలలో బౌద్ధులు ఎంతమంది ఉండి ఉంటారు? ఆ స్తూపాల దగ్గర మొక్కేవారు పలనాడులో అప్పటికి ఎన్నో వందల ఏళ్ళుగా లేరు. అయినా ఈ దేశం ఆ రాళ్ళను నీళ్ళకు వదిలిపెట్టలేదు. మాస్టారు ఈ సంగతి చెప్పి, "వాటి దగ్గర దండం పెట్టడానికి కాదు గదండీ మోసింది" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

కారంపూడి సంగతీ అంతే. పన్నెండవ శతాబ్దపు పలనాటి యుద్ధంలో చచ్చిపోయినవారికి అక్కడ వీరుల గుడి ఉంది, నాగులేటి ఒడ్డున. ప్రతి ఏడూ కార్తీకంలో ఐదు రోజులు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఉత్సవం జరుగుతుంది. ఆ ఆరాధన మనది కాదు, మనం అక్కడికి మొక్కుకు వెళ్ళం. కాని ఒక ఊరు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి తన చావులను మరిచిపోకుండా ఉండటం చూస్తే, నలభై ఏళ్ళ కిందట పాతిపెట్టిన మన తాతగారి గుంట ఎక్కడుందో చెప్పలేని మనకు కొంచెం సిగ్గు పుట్టాలి.

ఇక మన చరిత్రకు వద్దాం. 1842 జూలై 31న గుంటూరుకు ఒక మిషనెరీ వచ్చాడు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. పెద్దలు ఫాదర్ హయ్యర్ అంటారు. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడి లూథరన్లు పంపగా వచ్చిన మొదటి మిషనెరీ. వచ్చేనాటికి 49 ఏళ్ళు, అప్పటికే భార్య పోయింది. గుంటూరు కలెక్టరుగా ఉన్న హెన్రీ స్టోక్స్ దొర ఆయనకు చోటిచ్చాడు, బడి అప్పగించాడు. లూథరన్ సంఘాలవారు ప్రతి జూలై 31న ఆ రాకను జ్ఞాపకం చేసుకోవడం మీరెరుగుదురు.

ఆయన వచ్చిన గుంటూరు ఎలాంటి గుంటూరు? పదేళ్ళ కిందటే, 1832, 33లలో కరువు ఆ జిల్లాను తుడిచిపెట్టింది. జిల్లాలో ఐదు లక్షల మంది ఉంటే, పోయినవారు లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా ఉంటారని లెక్కలు కట్టారు. డొక్కల కరువు అని మన ముసలివాళ్ళు చెప్పుకునేది అదే. పూడ్చేవాళ్ళు లేక పోయినవారికి సమాధి ఎక్కడ? అంతమంది చనిపోయిన నేల మీద ఒక్క రాయి కూడా లేదు.

హయ్యర్ దొరగారు మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం చదువుకుని తిరిగి వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టారు. అప్పటి పలనాడంటే గుంటూరు వాళ్ళకే భయం. అడవి జ్వరం, కలరా, వేసవిలో రాళ్ళు పగిలే ఎండ. అక్కడ ఆయన తన కోసం ముందుగానే సమాధి తవ్వించి పెట్టుకున్నారని, శవపేటిక కూడా సిద్ధం చేయించుకున్నారని మిషను పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. తెల్లవాడు చనిపోతే ఏం చేయాలో, ఎలా పూడ్చాలో తెలియక ఊరివారు ఇబ్బంది పడకూడదని అట్లా చేశారట. పొద్దున లేస్తే తన గొయ్యి తనకు కనబడుతుంటే ఒక మనిషి ఇంటింటికీ తిరిగి మందిచ్చి, బడి పెట్టి, వాక్యం చెప్పాడంటే అది ఎలాంటి గుండె!

విచిత్రం ఏమిటంటే ఆ గోతిలో ఆయన పడుకోలేదు. 1857లో అమెరికా తిరిగి వెళ్ళారు. 1869లో, 76 ఏళ్ళ వయసులో, రాజమండ్రి పొలాన్ని వేరే మిషనుకు అప్పగించేస్తున్నారని విని మళ్ళీ ఓడెక్కి వచ్చి దాన్ని నిలబెట్టారు. 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించారు. పెన్సిల్వేనియాలో భార్య సమాధి పక్కనే ఆయన సమాధి ఉంది. గురజాలలో ఖాళీ సమాధి, అక్కడ నిండిన సమాధి. ఈ సంగతి మాస్టారికి చెబితే నవ్వి, "ఖాళీ సమాధి మీవాళ్ళకు కొత్త కాదుగా" అన్నారు. ఎగతాళిగా అనలేదు. మేమూ నవ్వాము.

అందరికీ అంత ఆయుష్షు దొరకలేదు. వాల్టర్ గన్ అనే యువ మిషనెరీ 1844లో గుంటూరుకు వచ్చి, 1851లో క్షయతో అక్కడే పోయాడు. డాక్టర్ అన్నా కూగ్లర్ అమ్మగారు 1883లో వచ్చి, ఆసుపత్రి కట్టి, 47 ఏళ్ళు సేవ చేసి 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల్లో ఏ మతం వాళ్ళు లేరు? ఆమె సమాధి దగ్గర నిలబడటానికి బాప్తిస్మ సర్టిఫికెట్టు అడుగుదామా?

నరసరావుపేట, వినుకొండ వైపు మన బంధువులు ఎక్కువమంది బాప్టిస్టులు. వారి కథ ఒంగోలు నుంచి మొదలవుతుంది. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కరువు తిండి కోసం చేరారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ విశ్వాసులు నరసరావుపేట, వినుకొండ తాలూకాల దాకా పరుచుకుని ఉండటంతో 1883లో ఆ పొలాలను వేరుచేసి అక్కడ మిషను స్టేషన్లు పెట్టారు.

ఇక్కడ మాస్టారు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "ఆ 2,222 మందిలో రాతి మీద పేరున్నవారు ఎందరు?"

మీరు మన తోటలోనే చూడండి. వేపచెట్టు కింద నాపరాళ్ళతో కట్టిన నాలుగు పెద్ద సమాధులున్నాయి, వాటి మీద అక్షరాలున్నాయి. తక్కినవన్నీ మట్టిదిబ్బలు, తల వైపు ఒక గుండ్రాయి, అంతే. మన పూర్వికులు మాదిగలు, మాలలు. వాళ్ళకు పట్టాలు లేవు, చేతిరాత లేదు, ఊరి కరణం లెక్కల్లో పేరు సరిగా లేదు. వెట్టికి పిలిచేటప్పుడు తప్ప ఆ పేరుతో ఊరికి పని లేదు. వాళ్ళ పేరు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది బాప్తిస్మ రిజిస్టరులో. రెండోసారి ఎక్కింది భూస్థాపన రిజిస్టరులో. ఆ మధ్య బ్రతికిన బ్రతుకంతా ఎక్కడా లేదు.

మాస్టారు చేస్తున్న పని ఇదే. రిజిస్టరులో ఉన్న పేర్లను గుండ్రాళ్ళతో కలపడం. మన ముసలమ్మలను కూర్చోబెట్టి, ఏ దిబ్బ ఎవరిది అని అడిగి నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకుంటున్నారు. స్థలం మీద కేసు వేయడానికి కాదమ్మా. నిజానికి కేసంటూ వస్తే మనల్ని కాపాడేది ఆ పుస్తకమే. పక్క చేను గట్టు ఏటా ఒక జానెడు మన వైపు జరుగుతోందని మీ అందరికీ తెలుసు. పోయినసారి సర్వేయరు వచ్చినప్పుడు హద్దు తేల్చింది కాగితం కాదు, ఆ మూల ఉన్న రెండు పాత సమాధులు. చదును చేస్తే ఆ సాక్షులు పోతారు. మన జనానికి పూడ్చుకునే చోటు కోసం ఇప్పటికీ ఎన్ని ఊళ్ళలో తగాదాలు జరుగుతున్నాయో పేపర్లో చూస్తూనే ఉన్నాము.

అబ్రాహాము చేసిన మొదటి భూమి కొనుగోలు ఏమిటో ఆదికాండము 23లో ఉంది. కనాను దేశమంతా నీదని దేవుడు చెప్పినవాడు, శారా చనిపోతే పాతిపెట్టడానికి అడుగు నేల లేక హేతు కుమారుల ముందు లేచి నమస్కరించి, నాలుగు వందల తులాల వెండి తూచి మక్పేలా పొలం కొన్నాడు. ఉచితంగా ఇస్తామన్నా ఒప్పుకోలేదు. పరదేశికి సమాధి స్థలం ఎంత విలువైనదో ఆయనకు తెలుసు. మన తాతలకూ తెలుసు.

జాషువా కవిగారి మాట ఎత్తకుండా పలనాడులో సమాధుల గురించి మాట్లాడలేము. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. మన బిడ్డే. శ్మశానం గురించి ఆయన రాసిన పద్యాలు సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులోకి వచ్చి చేరాయి. నాటకం వేరే ఆయన రాసింది, కథ పురాణంలోది, పద్యాలు క్రైస్తవ ఇంట్లో పుట్టినవాడివి. మా చిన్నతనంలో జాతరలకు ఆ నాటకం వేస్తే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. హరిశ్చంద్రుడి వేషగాడు కాటి సీనులో రాగం ఎత్తుకోగానే "వన్స్ మోర్" అని కేకలు. ఆ కేకలు వేసినవారిలో పురాణం నమ్మేవారున్నారు, ఏదీ నమ్మని కమ్యూనిస్టులున్నారు, దొంగచాటుగా వెళ్ళిన పాస్టరుగారి పిల్లలమూ ఉన్నాము. రాజైనా, కవియైనా, పసిబిడ్డ తల్లియైనా అందరూ చేరేది ఆ మట్టిలోకే అని వింటూ, పంచె చెంగుతో కళ్ళు తుడుచుకోని మనిషిని మేము చూడలేదు.

అదే జాషువాగారిని, హిందూ పురాణాలు ముట్టుకుంటున్నాడని క్రైస్తవ పెద్దలే బయటికి నెట్టారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. పండిత సభల్లో కులం అడిగి అవమానించినవారు ఒక వైపు, సంఘంలోకి రావద్దన్నవారు ఇంకొక వైపు. తరువాత 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అప్పుడు మనవాళ్ళంతా మనవాడే అన్నారు. గేటు దగ్గర నిలబడి ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు అని తేల్చే పని మన పెద్దలు అంత బాగా చేయలేదని చెప్పడానికే ఇది రాశాము. మేమూ ఆ వరసలోని వాళ్ళమే.

బయటి ఊళ్ళ మాట రెండు చెప్పి ముగిస్తాము. హైదరాబాదులో నిజాం దగ్గర సేనాపతిగా ఉన్న ఫ్రెంచి రేమండ్ 1798లో చనిపోతే కొండ మీద సమాధి కట్టారు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసారాం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. ఆయన మతమేమిటో అడిగి అభిమానించలేదు. మచిలీపట్నంలో డచ్చివారి సమాధులున్నాయి, వాటి మీది చెక్కడం చూడటానికి ఇప్పటికీ మనుషులు వస్తారు. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో కట్టుబడి పని పెట్టి కూలి ఇచ్చిన చర్చి అది. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది క్రైస్తవులు కానేకారు. ఇంగ్లండులో ఆరాధన ఆగిపోయిన చర్చీలను కాపాడటానికి 1957లోనే ఒక సంస్థ పుట్టింది, దిక్కులేని చర్చీల స్నేహితులు అని దాని పేరుకు అర్థం. ఆ దేశంలో గుడికి వచ్చేవారు తగ్గిపోయారు గాని, గుడి చూడటానికి వచ్చేవారు తగ్గలేదు. సంతోషించాలో దుఃఖించాలో మాకైతే ఇంకా తేలలేదు.

ఎందుకంటే మాకొక భయం ఉంది. మత్తయి 23లో ప్రభువు ప్రవక్తల సమాధులు కట్టించేవారిని గద్దించాడు. బయటికి వెల్ల వేసిన సమాధుల మాటా అక్కడే ఉంది. రాయిని ప్రేమించి, రాతి కింద ఉన్నవాడు ఎవరి కోసం బ్రతికాడో మరిచిపోవడం సులభం. మందిరం మ్యూజియం అయిపోతే మాకు ఇష్టం లేదు. ఈ మాట మాస్టారితోనే అన్నాము. ఆయన కొంచెం సేపు ఆగి, "మీరు రాతిని దాటి చూస్తారు పాస్టరుగారూ, నాకు రాయి దగ్గరే ఆగిపోతుంది. కానీ రాయి లేకపోతే మనిద్దరికీ కూర్చోవడానికి చోటే లేదు" అన్నారు. ఆయన మీద గెలవాలని మేము చూడలేదు, ఆయనా చూడలేదు. ఆయన కోసం ప్రార్థన మాత్రం చేస్తున్నాము, ఆ సంగతి ఆయనకు తెలుసు.

అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 17 చూడండి. తనది కాని ఊళ్ళో, తనది కాని దేవతల గుళ్ళ మధ్య నడుస్తూ, ప్రతిదాన్నీ గమనించి చూశాడు. ఒక బలిపీఠం మీద చెక్కిన రాత ఆగి చదివాడు. అది చదివాడు కాబట్టే మాట్లాడటానికి ఆయనకు మాట దొరికింది. తన నమ్మకానికి చెందని రాతిని ఓపికగా చదవటం పాపమైతే, మొదట పౌలునే అడగాలి.

ఇప్పుడు మా తప్పు చెబుతాము. ఆరేళ్ళ కిందట మందిరానికి బయటివైపు సిమెంటు పూయించింది మేమే. పాత గోడలు సున్నంతో కట్టినవి. పిడుగురాళ్ళ సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులను కట్టి గానుగలో తిప్పి నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కట్టేవారు. ఆ గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, గోడ లోపల్నుంచి గుల్లబారుతుంది. ఈ రోజు గోడ పెచ్చులు రాలుతున్నాయి, పడగొట్టాల్సిందే అంటున్నామే, ఆ పెచ్చులకు సగం కారణం గోడ ముసలితనం కాదు, మేము చేయించిన పూత. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒకాయన వచ్చి గోడ తట్టి చూసి ఈ మాట చెప్పాడు. గోడలు గట్టివేనట, సిమెంటు ఊడదీసి సున్నం పూత వేస్తే నిలుస్తుందట. పైన మూడు దూలాలు మాత్రం చెదపట్టాయి, మార్చాలి. ఆయన చెప్పిన ఖర్చు కాగితం కమిటీ ముందు పెట్టాము. కొత్త మందిరం అంచనాతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

రెండో తప్పు ఇంకా బరువైనది. పాస్టరుగారి ఇంటి వెనక, కుళాయి దగ్గర, బట్టలుతికే రాయి ఉంది గదా. మేము ఈ సంఘానికి రాకముందు నుంచీ ఉంది. మా ఇంట్లో అందరమూ దాని మీదే ఉతికాము. పోయిన నెల పైపు పగిలితే రాయిని పక్కకు దొర్లించాము. అడుగు వైపు అక్షరాలున్నాయి. మాస్టారిని పిలిపించాము. తుడిచి చూస్తే తెలుగులోనే చెక్కిన రాత, ఒక చంటిబిడ్డ సమాధి రాయి. పేరులో మొదటి అక్షరం పోయింది, సంవత్సరంలో 18 తరువాత అంకెలు అరిగిపోయాయి. నెలల వయసని మాత్రం తెలుస్తోంది. తెల్లవారి బిడ్డ అయితే ఇంగ్లీషులో ఉండేది. అంటే రాతి మీద పేరు పెట్టించుకోగలిగిన మనవాళ్ళెవరో, బహుశా ఒక ఉపదేశి కుటుంబమో, ఆ రోజుల్లోనే డబ్బు కూడబెట్టి చెక్కించారు. ఆ రాయి మీద మేము సబ్బు రుద్దాము.

మా ఇంటావిడ ఆ రోజు అన్నం తినలేదు. మాస్టారు మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. రాతి పక్కన కింద కూర్చుని, ఆ అరిగిన అక్షరం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. దేవుణ్ణి నమ్మని మనిషి చేసే ప్రార్థన ఎలా ఉంటుందో మాకు తెలియదు. చూస్తే అలాగే అనిపించింది. ఆ మాట ఆయనతో అనలేదు, నొచ్చుకుంటారని.

నెహెమ్యా తన పితరుల సమాధులున్న పట్టణం పాడైపోయిందని రాజు ముందు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అతడు ముందు గోడల మాట ఎత్తలేదు, సమాధుల మాట ఎత్తాడు.

కమిటీ నిర్ణయం వచ్చే రెండో ఆదివారం. మా ఓటు ఎటో ఇప్పుడు మీకు తెలిసింది. మీ ఓటు మీదే. కొత్త మందిరం కావాలనేవారు చెడ్డవారు కారు, వర్షానికి ముసలివాళ్ళ మీద నీళ్ళు కారుతుంటే చూడలేక అంటున్నారు. ఆ బాధ నిజం. దూలాల పని ఆలస్యమైతే ఈ వానాకాలం మళ్ళీ టార్పాలిను కట్టుకోవాల్సిందే.

ఈలోగా శనివారం పొద్దున ఆరింటికి సమాధుల తోటలో శుభ్రం చేసే పని ఉంది. కొడవళ్ళు, పారలు తెచ్చుకోండి. ఆసిడ్ తేవద్దు, వైరు బ్రష్షు తేవద్దు, పాత రాళ్ళ మీద సున్నం గాని రంగు గాని పూయవద్దు. ముళ్ళకంప కొట్టేటప్పుడు గుండ్రాయి తగిలితే కదిలించకుండా మాస్టారిని పిలవండి, ఆయన దగ్గర గళ్ళ పుస్తకం ఉంది. మీ తాతమ్మల గుంటలు గుర్తున్నవారు ఇంట్లో ముసలివారిని ఆటోలో ఎక్కించి తీసుకురండి, ఆటో డబ్బులు మేమిస్తాము. దూరాన ఉన్న పిల్లలు మీ అమ్మానాన్నలకు ఫోను చేసి, ఎవరు ఏ చెట్టు కింద ఉన్నారో అడిగి మాకు రాసి పంపండి.

చంటిబిడ్డ రాయిని ఆ రోజే తిరిగి తోటలో పెడుతున్నాము. అసలు గుంట ఏదో తెలియదు కాబట్టి, వేపచెట్టు తూర్పు వైపు పిల్లల దిబ్బలున్న చోట నిలబెడతాము. చిన్న ప్రార్థన ఉంటుంది. తాను రావచ్చా అని మాస్టారు అడిగారు. ప్రార్థన వేళ గేటు బయట నిలబడతానన్నారు. లోపలే నిలబడండి మాస్టారూ, రాయి బరువు, ఒక వైపు మీరు పట్టుకోవాలి అన్నాము.